విండోస్‌ మీద జావా: హైదరాబాద్‌లో సాగిన ఒక అధ్యాయం

రావిర్యాల నుంచి ఇబ్రహీంపట్నం దాకా ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లో జావా నేర్చుకునేవాళ్లకు కొదవ లేదు. ఈ భాషను విండోస్‌కు దగ్గర చేసే పని ఒకప్పుడు హైదరాబాద్‌లోనే జరిగిందని వాళ్లలో ఎంతమందికి తెలుసు?

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ జావాను తెచ్చింది. ఒకసారి రాసిన ప్రోగ్రామ్ ఏ కంప్యూటర్లోనైనా నడవాలన్నది దాని ఉద్దేశం. విండోస్ అమ్మే కంపెనీకి అది గుండెల్లో రాయి. ఎక్కడైనా నడిచే ప్రోగ్రామ్ కోసం విండోసే ఎందుకు కొనాలి? అలాగని జావాను కాదంటే ప్రోగ్రామర్లు చేజారిపోతారు. అందుకే మైక్రోసాఫ్ట్ 1996లో లైసెన్సు తీసుకుని విజువల్ జే ప్లస్ ప్లస్ అనే తన జావా సాధనాన్ని విడుదల చేసింది.

కిటుకంతా దాని లోపలే ఉంది. అందులో ఒక కామెంట్లో ‘డీఎల్ఎల్ ఇంపోర్ట్’ అని రాసి, కింద ‘మెసేజ్ బాక్స్’ అని ప్రకటిస్తే చాలు, విండోస్ సొంత మెసేజ్ తెర మీదికొచ్చేది. మామూలు జావాలో ఇదే పనికి అప్పట్లో మధ్యలో సీ కోడ్ రాయాల్సి వచ్చేది. సౌకర్యం నిజమే. కానీ మిగతా జావా యంత్రాలకు అది వట్టి కామెంటే. ఆ ఫంక్షన్‌ను పిలవగానే ప్రోగ్రామ్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. సన్ 1997లో కోర్టుకెక్కింది. 2001 జనవరిలో మైక్రోసాఫ్ట్ 2 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది.

జే ప్లస్ ప్లస్‌లో రాసుకున్న కోడ్ గతేమిటి? 1998లో హైదరాబాద్‌లో మొదలైన మైక్రోసాఫ్ట్ ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్ ఇంజినీర్లు దీనికోసం విజువల్ జే షార్ప్ తయారుచేశారు. జావా వాక్యాలను మైక్రోసాఫ్ట్ సొంత వేదిక అయిన డాట్‌నెట్ కోడ్‌గా మార్చే కంపైలర్ అది, 2002లో వచ్చింది. సన్ కోడ్ ముట్టుకోకుండా పాత జావా లైబ్రరీలకు సాటివచ్చేవి సొంతంగా రాయడం చిన్న పని కాదు. ఆ పనితనానికి దక్కాల్సినంత పేరు దక్కలేదనే నా అభిప్రాయం. జావా ప్రోగ్రామర్లను డాట్‌నెట్‌లోకి తెచ్చుకోవడమే కంపెనీ లక్ష్యం. ఆ అవసరం తీరాక, జే షార్ప్‌ను ఆపేస్తున్నట్టు 2007లో ప్రకటించింది.

అదే మైక్రోసాఫ్ట్ 2021లో జావా ఓపెన్ సోర్స్ రూపమైన ఓపెన్‌జేడీకేకు తన సొంత బిల్డ్‌ను ఉచితంగా ఇచ్చింది. ఇప్పుడు దాని ఆదాయంలో అజూర్ క్లౌడ్ అద్దెలది పెద్ద వాటా. ఆ అద్దెకట్టే వాళ్లలో చాలామంది నడిపేది జావానే. 2014లో ఆ కంపెనీ కొన్న మైన్‌క్రాఫ్ట్ గేమ్ కూడా మొదట జావాలో రాసిందే.

కొత్త భాష మొదలుపెట్టే విద్యార్థులు దాని కంపైలర్ ఎవరిస్తున్నారో, వాళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కనుక్కోండి. ఆ కంపెనీ రేపు తప్పుకుంటే కొనసాగించడానికి సోర్స్ కోడ్ అందరి చేతిలో ఉందో లేదో కూడా చూసుకోండి. ఓపెన్‌జేడీకేకు ఆ భరోసా ఉంది, జే షార్ప్‌కు లేకపోయింది.