ఇంగ్లిష్ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ క్రెడిట్లు: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో బ్యాచిలర్ పట్టా పొందాలంటే విద్యార్థి సాధారణంగా 120 క్రెడిట్లు పూర్తి చేయాలి. క్రెడిట్ అంటే ఒక కోర్సులో జరిగిన అధ్యయనానికి కొలమానం. సుమారు పదిహేను వారాల సెమిస్టర్‌లో వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత చదువు కలిస్తే ఒక క్రెడిట్ అవుతుందని అక్కడి ఫెడరల్ ప్రభుత్వ నిబంధన చెబుతుంది. ఇంటర్న్‌షిప్‌లోనూ అంతకు తగ్గని శ్రమ ఉండాలని అదే నిబంధన నిర్దేశిస్తుంది. ఇంగ్లిష్‌ను మేజర్‌గా, అంటే ప్రధాన అధ్యయనాంశంగా తీసుకున్నవారికి ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్ ఇచ్చే ఈ ఏర్పాటు ఎంతో మేలు చేయగలిగినప్పటికీ, దాని చుట్టూ అల్లుకున్న అపోహల వల్ల కొందరు దాని జోలికే పోరు, మరికొందరు గడువు దాటాక తెలుసుకుని నష్టపోతారు.

అపోహ 1: సాహిత్యం చదివేవారికి బోధన, పుస్తక ప్రచురణ తప్ప ఇంటర్న్‌షిప్‌లు ఉండవు.

వాస్తవం: జాగ్రత్తగా చదవడం, స్పష్టంగా రాయడం, ఇతరులు రాసినదాన్ని సరిదిద్దడం అవసరమైన ప్రతిచోటా వీరికి పని ఉంటుంది. పత్రికలు, మ్యూజియాలు, న్యాయవాదుల కార్యాలయాలు, ఆసుపత్రుల ప్రచార విభాగాలు, సాఫ్ట్‌వేర్ వినియోగ సూచనలు రాసే బృందాలు, దాతల నిధుల కోసం దరఖాస్తులు రూపొందించే స్వచ్ఛంద సంస్థలు ఇందుకు ఉదాహరణలు. సాహిత్య పత్రికలో చేరిన విద్యార్థి చేసే పనిని పరిశీలిస్తే చదువుకూ ఉద్యోగానికీ ఉన్న సంబంధం తేటతెల్లమవుతుంది: పత్రికకు వచ్చిన కథను మొదట అతడే చదివి, ఇతివృత్తాన్ని నాలుగు వాక్యాల్లో కుదించి, కథనం ఎక్కడ బిగువుగా ఉందో, ఎక్కడ సడలిందో ఆధారాలతో చూపి, స్వీకరించాలో తిప్పి పంపాలో సిఫారసు చేస్తూ సంపాదకుడికి ఒక పుట నివేదిక ఇస్తాడు. తరగతిలో నేర్చిన సాహిత్య విమర్శ ఇక్కడ ఒక నిర్ణయానికి ఆధారమవుతుంది.

అపోహ 2: పని ఇచ్చిన సంస్థే క్రెడిట్లు ఇస్తుంది, చివర్లో ధ్రువపత్రం తెస్తే చాలు.

వాస్తవం: క్రెడిట్ ఇచ్చే అధికారం కళాశాలకే ఉంటుంది. పని మొదలయ్యే ముందే విద్యార్థి ఇంటర్న్‌షిప్ కోర్సులో నమోదై, ఏయే పనులు చేస్తాడో, వాటి ద్వారా ఏమి నేర్చుకుంటాడో వివరించే అధ్యయన ఒప్పందాన్ని సిద్ధం చేసుకోవాలి. దానిపై విద్యార్థితో పాటు సంస్థలో పర్యవేక్షించే వ్యక్తీ, కళాశాలలో మార్గదర్శకుడిగా ఉండే అధ్యాపకుడూ సంతకం చేస్తారు. ముగిసిపోయిన ఇంటర్న్‌షిప్‌కు తర్వాత క్రెడిట్ అడిగితే చాలా కళాశాలలు అంగీకరించవు.

అపోహ 3: నిర్ణీత గంటలు పూర్తి చేస్తే క్రెడిట్ దానంతట అదే వస్తుంది.

వాస్తవం: చాలాచోట్ల ఒక క్రెడిట్‌కు 40 నుంచి 50 గంటల పని అడుగుతారు కాబట్టి మూడు క్రెడిట్లకు 120 నుంచి 150 గంటలు అవసరమవుతాయి. అయితే గంటలు అర్హతకు మాత్రమే సరిపోతాయి; మూల్యాంకనం రాతపని మీద జరుగుతుంది. వారం వారం రాసిన డైరీ, చేసిన పనుల నమూనాల సంపుటి, చివర్లో ఒక విశ్లేషణ వ్యాసం సమర్పించవలసి ఉంటుంది. ఒక పత్రికా ప్రకటన మొదటి ప్రతినీ అచ్చైన ప్రతినీ పక్కపక్కన పెట్టి, ప్రతి మార్పు ఎవరిని ఉద్దేశించి జరిగిందో వివరించగల విద్యార్థి తాను నేర్చినదాన్ని నిరూపించుకున్నట్టే.

అపోహ 4: జీతం తీసుకుంటే క్రెడిట్ రాదు, క్రెడిట్ ఇస్తే సంస్థ జీతం ఇవ్వనక్కర్లేదు.

వాస్తవం: ఈ రెండూ వేర్వేరు విషయాలు. జీతమున్న పనికీ క్రెడిట్ ఇచ్చే కళాశాలలు ఎన్నో ఉన్నాయి. లాభాపేక్షగల సంస్థ జీతం చెల్లించాలా వద్దా అన్నది కార్మిక చట్టం తేల్చే ప్రశ్న. బ్లాక్ స్వాన్ చిత్రానికి జీతం లేకుండా పనిచేసిన ఇంటర్న్‌లు వేసిన దావాలో 2015లో ఫెడరల్ అప్పీలు కోర్టు, ఆ సంబంధం వల్ల ప్రధానంగా లబ్ధి పొందేది ఇంటర్నా, సంస్థా అన్నది చూడాలని చెప్పింది. 2018లో అమెరికా కార్మిక శాఖ ఇదే పద్ధతిని స్వీకరించి ఏడు అంశాలను పేర్కొంది. చదువుతోనూ క్రెడిట్‌తోనూ ఉన్న ముడి వాటిలో ఒకటి మాత్రమే. ఏ ఒక్క అంశమూ స్వయంగా తీర్పును నిర్ణయించదు.

అపోహ 5: క్రెడిట్ ఉచితంగా వస్తుంది, డిగ్రీలో ఎక్కడైనా సరిపోతుంది.

వాస్తవం: ఇంటర్న్‌షిప్ క్రెడిట్‌కూ ట్యూషన్ ఫీజు ఉంటుంది. సెమిస్టర్‌కు ఒకే మొత్తం వసూలు చేసే కళాశాలల్లో ఆ భారం విడిగా కనిపించకపోయినా, వేసవిలో చాలాచోట్ల క్రెడిట్ లెక్కన చెల్లించాలి. జీతం లేని పని చేస్తూ దానికే ఫీజు కట్టడం పేద విద్యార్థికి రెట్టింపు భారం కనుక ఉపకార వేతనాల గురించి ముందే విచారించుకోవాలి. పైగా ఈ క్రెడిట్లు కొన్ని విభాగాల్లో మేజర్‌కు చెల్లితే, కొన్నింటిలో ఐచ్ఛికాంశంగా మాత్రమే చెల్లుతాయి.

అపోహ 6: క్రెడిట్ ఉంటే విదేశీ విద్యార్థి నేరుగా పనిలో చేరవచ్చు.

వాస్తవం: అమెరికాలో చదువుతున్న తెలుగు విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన విషయమిది. ఎఫ్-1 విద్యార్థి వీసాపై ఉన్నవారు కళాశాల బయట ఇంటర్న్‌షిప్ చేయడానికి సాధారణంగా సీపీటీ, అంటే పాఠ్యక్రమంలో భాగమైన శిక్షణకు అనుమతి తీసుకోవాలి. అందుకు సాధారణంగా ఒక పూర్తి విద్యాసంవత్సరం చదివి ఉండాలి, పని మేజర్‌తో నేరుగా ముడిపడి ఉండాలి, చేరే ముందే కళాశాల జారీ చేసే ఐ-20 పత్రంపై అనుమతి నమోదు కావాలి. పూర్తికాలపు సీపీటీని పన్నెండు నెలలు లేదా అంతకు మించి వాడుకుంటే, అదే స్థాయి చదువుపై లభించే ఓపీటీ, అంటే ఐచ్ఛిక వృత్తి శిక్షణ అవకాశం పోతుంది. విజ్ఞాన, సాంకేతిక డిగ్రీలకు లభించే 24 నెలల ఓపీటీ పొడిగింపు ఇంగ్లిష్ డిగ్రీకి వర్తించదు కనుక ఈ నష్టం ఇంగ్లిష్ విద్యార్థులకు మరింత తీవ్రమైనది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి అమలైన డిగ్రీ పాఠ్యప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్‌కు చోటిచ్చారు కాబట్టి, ఇక్కడి కళాశాలల్లోని ఇంగ్లిష్ అధ్యాపకులకూ ఈ అపోహలను తొలగించవలసిన బాధ్యత ఉంది. ఎక్కడైనా క్రెడిట్ కొలిచేది విద్యార్థి గడిపిన కాలాన్ని మాత్రమే అయితే ఇంటర్న్‌షిప్ తంతుగా మిగిలిపోతుంది. అతడు చదివి, ఆలోచించి, తిరగరాసి సాధించిన ఎదుగుదలను కొలిస్తే అది సాహిత్య విద్యలో అంతర్భాగమవుతుంది. అందుచేత పర్యవేక్షించే అధ్యాపకుడెవరు, ఏమి రాసి సమర్పించాలి, ఎంత ఖర్చవుతుంది, ఆ క్రెడిట్ డిగ్రీలో ఎక్కడ చెల్లుతుంది అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం చేతికందిన తర్వాతే విద్యార్థి అధ్యయన ఒప్పందంపై సంతకం చేయడం ఉత్తమం.