నదిపై దీపముల భాష

కాజీపేట–విజయవాడ రైలుమార్గముపైనున్న కేసముద్రము స్టేషనులో ఎఱ్ఱదీపము వెలిగినచో బండి ఆగుననియు, ఆకుపచ్చదీపము వెలిగినచో కదలుననియు చిన్నపిల్లలు సైతము ఎఱుగుదురు. ఈ ఎఱుకనే నదిమీదికి తీసికొనిపోయినచో చిక్కు వచ్చును. అచ్చట ఎఱుపు ‘ఆగుము’ అని చెప్పదు. లోతైన దారికి అంచు ఏ వైపున నున్నదో చెప్పును.

ఈ ప్రాంతమునుండి భద్రాచలయాత్రకు పోయి, పాపికొండలు చూచుటకు పడవ ఎక్కువారు కలరు. భద్రాచలమునుండి రాజమహేంద్రవరము వరకు 171 కిలోమీటర్ల గోదావరి 2008లో నాలుగవ జాతీయ జలమార్గమున చేర్చబడినది. కావున పంచాయతీ సభ్యులకు ఈ దీపముల సంగతి కొంతయైనను తెలిసియుండవలయును.

భారతదేశము అనుసరించు అంతర్జాతీయ పద్ధతిలో, సముద్రమువైపునుండి ఎగువకు పోవు పడవకు ఎడమచేతివైపున ఎఱ్ఱ గుఱుతులు, కుడిచేతివైపున ఆకుపచ్చ గుఱుతులు ఉండును. దిగువకు వచ్చునపుడు ఇది తాఱుమాఱగును. భద్రాచలము గోదావరికి ఎడమగట్టున నున్నది. అనగా ప్రవాహము పోవు దిక్కునకు తిరిగి నిలిచినచో ఎడమచేతివైపున నుండును. ఆ రేవున ఇట్టి దీపములు పెట్టినచో భద్రాచలమువైపు ఆకుపచ్చవి, ఎదుటనున్న సారపాకవైపు ఎఱ్ఱవి వచ్చును.

అయితే రంగు ఒక్కటే చాలదు. చీకటిలో దుకాణపు దీపము, జాలరి లాంతరు కూడ కనబడును గదా! అందుచే గుఱుతుదీపములకు ఒక్కొక్క నడక ఏర్పఱచిరి. వెలుగు స్వల్పముగను చీకటి దీర్ఘముగను ఉండునవి కొన్ని. వెలుగే దీర్ఘమై నడుమనడుమ ఆఱునవి కొన్ని. రెండును సమానముగా నుండునవి మఱికొన్ని. ఒక మెఱుపు మొదలైనది లగాయతు అదే వరుస మరల మొదలగువఱకు ఎన్ని సెకన్లో గడియారముతో లెక్కింపవలయును. ఒకమాఱు చూచి నిశ్చయింపక, మూడుమాఱులు లెక్కించి మూడవవంతు తీయుట మంచిది. ఆ సంఖ్యను జలమార్గపటముతో సరిచూచినచో అది ఏ దీపమో తేలును. తెల్లని మెఱుపులు రెండేసి జంటగా వచ్చినచో అచ్చట నీటిలో బండవంటి అపాయము కలదని, దాని చుట్టును దారి ఉన్నదని అర్థము.

దీపము స్థలమును చెప్పునే గాని వరద ఉద్ధృతిని చెప్పదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగినది పట్టపగలే, వరదనీటిలోనే.

గట్టు గ్రామముల పంచాయతీలు జాతరలకు రేవులలో రంగుదీపములు కట్టునపుడు ఎఱుపు, ఆకుపచ్చలను నీటివైపునకు త్రిప్పకుండుట మేలు. సరంగు కన్ను వానిపై పడి మోసపోవచ్చును.

పడవలకును దీపములు కలవు: ఎడమ ప్రక్కన ఎఱుపు, కుడి ప్రక్కన ఆకుపచ్చ. ఇవి మినుకక నిలకడగా వెలుగును. చీకటిలో ఆ రెండును ఒక్కసారి కనబడినచో ఆ పడవ తిన్నగా మనమీదికే వచ్చుచున్నది.