పసిబిడ్డలలో 'డి' విటమిన్, కాల్షియం లోపం – తల్లులు తెలుసుకోవలసిన విషయాలు

నెలల బిడ్డ కాలుచేతులు కొట్టుకొని, కనుగుడ్లు నిలిపివేస్తే మన పల్లెలలో 'గాలి సోకింది' అంటారు. దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. పొట్టపై వాతలు పెట్టేవారు కూడా లేకపోలేదు. కాని జ్వరం లేకుండా పసిబిడ్డలకు వచ్చే ఫిట్స్‌కు గల ముఖ్య కారణాలలో రక్తంలో కాల్షియం తగ్గిపోవడం ఒకటి. దాని వెనుక తరచుగా ఉండేది 'డి' విటమిన్ లోపం. ఏడాది పొడవునా ఎండ కాసే గోదావరి సీమలో ఈ లోపం ఎలా వస్తుందని పాఠకులకు సందేహం కలుగవచ్చు. ఊరి మీద ఎండ కాయడం వేరు, బాలింత ఒంటి మీద ఎండ పడడం వేరు.

శాస్త్ర దృష్టి

కౌమారభృత్యానికి ప్రమాణ గ్రంథమైన కాశ్యప సంహితలో, ఏడాది నిండినా నడవలేని బిడ్డ వ్యాధికి 'ఫక్క రోగం' అని పేరు. ఇది మూడు విధాలు. దుష్టమైన పాల వల్ల కలిగేది క్షీరజం. తల్లి తిరిగి గర్భం ధరించగా పాలు చాలక కలిగేది గర్భజం. ఇతర వ్యాధులచేత క్షీణించగా వచ్చేది వ్యాధిజం. అట్టి బిడ్డకు నడక నేర్పడానికి మూడు చక్రాల బండి చేయించమని కశ్యపుడు విధించాడు. మన ఇళ్లలో పిల్లలు తోసుకొని నడిచే కొయ్యబండి దానినే గుర్తుకు తెస్తుంది. నేటి వైద్యులు చెప్పే రికెట్స్, ఫక్క రోగం పూర్తిగా ఒక్కటి కాకపోయినా, బిడ్డ బలహీనతకు మూలాన్ని తల్లి వద్ద వెదకమన్న సూత్రం రెండింటికీ వర్తిస్తుంది.

తల్లి నుండి బిడ్డకు

నెలలు నిండి పుట్టిన శిశువు దేహంలో సుమారు 30 గ్రాముల కాల్షియం ఉంటుంది. అందులో అధికభాగం గర్భం చివరి మూడు నెలలలోనే తల్లి నుండి చేరుతుంది. నెలలు తక్కువగా పుట్టిన బిడ్డకు ఈ నిల్వ చాలదు. 'డి' విటమిన్ సంగతీ అంతే. తల్లి రక్తంలో కొరవడితే బిడ్డ లోపంతోనే పుడుతుంది. తల్లిపాలలో కాల్షియం తగినంత ఉన్నా, 'డి' విటమిన్ మాత్రం స్వల్పం. అది లేనిదే తాగిన పాలలోని కాల్షియం పేగులనుండి సరిగా ఒంటపట్టదు.

మా రామచంద్రపురం చుట్టుపట్ల వరి అన్నమే ప్రధానాహారం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వెనుకటి పట్టికల ప్రకారం 100 గ్రాముల మరపట్టిన బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములే. అదే తూకానికి రాగులలో 344, మునగాకులో 440, పొన్నగంటి కూరలో 510, నువ్వులలో 1450 మిల్లీగ్రాములు ఉన్నాయి. సమర్తాడిన పిల్లకు పెట్టే చిమ్మిలి గర్భిణికీ మంచిదే. పాలు, పెరుగు, మునగాకు పప్పు, అలవాటున్నవారికి ముల్లుతో నమిలి తినే చిన్న చేపలు తగిన ఆహారం. నాలుగవ నెల నుండి ప్రసవించిన ఆరు నెలల వరకు ప్రభుత్వం ఇచ్చే కాల్షియం మాత్రలను మానరాదు. ఇనుము మాత్రతో కలిపి ఒకేసారి వేసుకోకూడదు.

పోతపాల ప్రమాదం

తల్లిపాలతో పోలిస్తే ఆవుపాలలో కాల్షియం సుమారు నాలుగు రెట్లు, భాస్వరం సుమారు ఆరు రెట్లు. ఆ భాస్వరాన్ని విసర్జించే శక్తి లేత మూత్రపిండాలకు ఉండదు. రక్తంలో భాస్వరం పెరిగేకొద్దీ కాల్షియం పడిపోతుంది. పాలలో కాల్షియం ఎక్కువగా ఉండి కూడా బిడ్డకు ఫిట్స్ రావడానికి ఇదే కారణం. గేదెపాలు నీళ్లు కలిపి పట్టినా ఈ దోషం పోదు.

రక్తంలోని భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి లోకానికి అందించినవారు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన, అమెరికా వెళ్లకముందు మద్రాసులో డాక్టర్ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో బోధించారు. రికెట్స్‌లో భాస్వరం తగ్గుతుంది. పోతపాల వల్ల కలిగే ఫిట్స్‌లో పెరుగుతుంది. ఈ భేదాన్ని నాడిని బట్టి చెప్పలేము, రక్తపరీక్ష చేయించవలసిందే.

ఎండ ఎంత? ఎప్పుడు?

అతినీలలోహిత కిరణాలు సోకినప్పుడు చర్మంలో 'డి' విటమిన్ తయారవుతుంది. 1919లో బెర్లిన్ నగరంలో హుల్డ్‌షిన్‌స్కీ అనే వైద్యుడు అట్టి కిరణాల దీపంతోనే రికెట్స్ బిడ్డలను స్వస్థపరచాడు. సూతికాగారపు ద్వారం తూర్పుకో, ఉత్తరానికో ఉండాలని చరకుడు చెప్పాడు. నాలుగవ నెలలో బిడ్డను వెలుపలికి తెచ్చి సూర్యదర్శనం చేయించడం నిష్క్రమణ సంస్కారం. మా సమీపాన గొల్లల మామిడాడ సూర్యనారాయణస్వామిని రథసప్తమినాడు దర్శించే మనమే, పురిటి గది తలుపులు, కిటికీలు బిగించి బాలింతను నెలల తరబడి చీకటిలో ఉంచుతున్నాము.

అయితే ఒక మాట. ఉదయపు లేత ఎండ హాయినిస్తుందే కాని, 'డి' విటమిన్‌ను అంతగా ఇవ్వదు. మన నీడ మన ఎత్తుకంటె పొట్టిగా ఉన్నప్పటి ఎండలోనే ఆ శక్తి ఉంటుంది. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు. పొట్టినీడ ఎండలో కొద్దిసేపు నిలవడం గర్భిణికి, బాలింతకు మేలు. ఆరు నెలలలోపు బిడ్డ చర్మం మాత్రం దానికి తాళదు. కాబట్టి ఎండ తల్లికి, చుక్కలమందు బిడ్డకు అని గుర్తుంచుకోవాలి.

చుక్కలమందు

పుట్టిన నాటి నుండి ఏడాది నిండేవరకు ప్రతి బిడ్డకూ రోజుకు 400 యూనిట్ల 'డి' విటమిన్ ఇవ్వాలని భారత శిశువైద్యుల సంఘం చెప్పుచున్నది. కొన్ని మందులలో మిల్లీలీటరుకు 400 యూనిట్లు, కొన్నింటిలో 800 యూనిట్లు ఉంటాయి. సీసాపై చూసి, వైద్యుని అడిగి, కొలిచి వేయాలి. పెద్దలు వాడే 60,000 యూనిట్ల పొట్లం పసిబిడ్డకు సొంతంగా పట్టరాదు. మోతాదు మించితే కాల్షియం పెరిగి మూత్రపిండాలు చెడతాయి.

ప్రవాళ, శంఖ, ముక్తా భస్మాలలో సున్నపు అంశ ఉన్నది, 'డి' విటమిన్ లేదు. వాటిని ఉగ్గులో రంగరించి పసిబిడ్డకు పట్టవద్దు. నువ్వులనూనెతోగాని, లాక్షాది తైలంతోగాని చేసే అభ్యంగనం చర్మానికి, నిద్రకు హితం. అది చుక్కలమందుకు బదులు కాదు. ఆరు నెలలవరకు తల్లిపాలే ఆహారం. తరువాత మొలకగట్టిన రాగుల జావ, గుడ్డు పచ్చసొన క్రమంగా అలవాటు చేయాలి.

ఈ గుర్తులు కనిపిస్తే

ఊరకే ఉలికిపడడం, కాలుచేతులు వణకడం, పాలు తాగలేకపోవడం, ఊపిరి పీల్చేటప్పుడు కూత వంటి శబ్దం రావడం, పెదవులు నీలమవడం కాల్షియం తగ్గినప్పటి గుర్తులు. ఏడాదిన్నర దాటినా మాడు పూడకపోవడం, మణికట్టు లావెక్కడం, పక్కటెముకలపై పూసల వలె గడ్డలు తేలడం, నడక వచ్చాక కాళ్లు వంకరపోవడం రికెట్స్ లక్షణాలు.

ఫిట్స్ వచ్చిన బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట చెంచాగాని, నీరుగాని, ఉగ్గుగాని పెట్టరాదు. వాతలు కూడదు. వెంటనే 108కి కబురుచేసి పిల్లల వైద్యుడున్న ఆసుపత్రికి చేర్చాలి. మా ప్రాంతంవారికి కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి అందుబాటులో ఉన్నది. అక్కడ గుండె కొట్టుకొనే తీరును గమనిస్తూ నరం ద్వారా కాల్షియం నెమ్మదిగా ఎక్కిస్తారు. ఇంటివద్ద చేయదగిన చికిత్స కాదిది.

ఇంట పురుడు జరుగనున్న అత్తగార్లు, అమ్మమ్మలు ఈ విషయాలు ముందుగా మనసున ఉంచుకోవాలి. పురిటి గది కిటికీ తెరిపించండి. బిడ్డను ఇంటికి తెచ్చే రోజునే చుక్కలమందు సంగతి వైద్యుని అడగండి.