ఎన్నికలు, పత్రికలు, పౌరసమాజం

‘పోలింగు ప్రశాంతం’ అనే శీర్షిక ప్రతి ఎన్నిక మర్నాడూ పత్రికల్లో కనిపిస్తుంది. ఈ ప్రశాంతతకు రెండు అర్థాలున్నాయి. నమ్మకం వల్ల వచ్చిన ప్రశాంతత ఒకటి, భయం వల్ల వచ్చిన ప్రశాంతత ఇంకొకటి. ఎదుటి పార్టీకి ఏజెంటే దొరకని ఊళ్లోనూ గొడవ జరగదు. అందువల్ల తల పగిలిందా లేదా అన్న ఒక్క కొలతతో ఎన్నికను కొలవరాదు. ఓడినవాడు కూడా లెక్క సరిచూసుకుని, ‘నిజమే, ఓడాను’ అని ఒప్పుకోగలిగాడా లేదా అన్నదే అసలు కొలత. సరిచూసుకునే దారి మూసుకున్నచోట పుకారు పుడుతుంది, పుకారు వెంట కర్ర లేస్తుంది. కాబట్టి శాంతీ పారదర్శకతా రెండు వేర్వేరు సద్గుణాలు కావు. రెండవది లేకుండా మొదటిది నిలబడదు.

కొత్తవలస ప్రాంతంలో బడిపంతులుగా పనిచేస్తున్న నాకు ఎన్నికల విధులు కొత్త కావు. పోలింగు మొదలవడానికి గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు నమూనాగా వేయించి, లెక్క చూపించి, వాటిని తుడిచేసి, యంత్రానికి సీలు వేస్తాం. పోలింగు ముగిశాక ఎన్ని ఓట్లు నమోదయ్యాయో 17-సి ఫారంలో రాసి ఏజెంట్లకు నకలు ఇస్తాం. లెక్కింపునాడు ఆ అంకె, యంత్రంలోని అంకె కలవాలి. ఈ తతంగమంతటి వెనుక ఉన్న సూత్రం ఒక్కటే: అధికారి మంచివాడని నమ్మమనడం కాదు, ప్రత్యర్థి తన కళ్లతో చూసుకోవడం. అయితే ఆ కళ్లు పార్టీలవి. ఏ పార్టీ తరఫునా కూర్చునే ధైర్యం గానీ అవసరం గానీ లేని మామూలు ఓటరు తరఫున చూసేదెవరు? పత్రికలకూ పౌరసంఘాలకూ పని అక్కడ మొదలవుతుంది.

ఆ పని పోలింగు నాడు కాదు, ఓటర్ల జాబితా దగ్గరే మొదలుకావాలి. మా జిల్లాల్లో ‘వలస’తో ముగిసే ఊళ్ల పేర్లు కోకొల్లలు. ఒకప్పుడు జనం వచ్చి నిలిచిన చోట్లవి. నేడు అవే ఊళ్ల నుంచి జనం పని వెతుక్కుంటూ బయలుదేరుతున్నారు. శ్రీకాకుళం తీరపు మత్స్యకారులు గుజరాత్ లోని వేరావల్ దాకా పోతున్నారు. విచారణకు మనిషి వచ్చిననాడు తలుపుకు తాళం కనిపిస్తే, ఆ ఇంటి ఓటు ఉంటుందా పోతుందా అన్నది కూలివాడి ప్రశ్నే గాని మేడలో ఉన్నవాడి ప్రశ్న కాదు. 2025లో బీహారులో జరిగిన ప్రత్యేక సవరణ తర్వాత ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. పౌరసంఘాలూ రాజకీయ పక్షాలూ న్యాయస్థానానికి వెళ్లగా, తొలగించిన పేర్లను కారణాలతో సహా ప్రకటించాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. తొలగింపులో తప్పెంత, ఒప్పెంత అన్న చర్చ అలా ఉంచండి. పేరు పోయిందని పేరున్నవాడికి తెలియాలి అన్న ప్రాథమిక హక్కు కూడా అడిగితేగాని రాలేదని మాత్రం గమనించాలి.

అభ్యర్థుల విషయంలోనూ ఇదే జరిగింది. అహ్మదాబాదు మేనేజిమెంటు సంస్థ అధ్యాపకులు కొందరు ఒక సంఘంగా ఏర్పడి 1999లో ఢిల్లీ హైకోర్టులో వేసిన వ్యాజ్యం, 2002 మే 2న సుప్రీంకోర్టు తీర్పుగా ఫలించింది. నేరచరిత్ర, ఆస్తులు, అప్పులు, చదువు అభ్యర్థి ప్రమాణపత్రంలో చెప్పి తీరాలి. ఆ తీర్పును నీరుగార్చడానికి తెచ్చిన చట్టసవరణను 2003 మార్చిలో అదే న్యాయస్థానం కొట్టివేసింది. ప్రమాణపత్రాలు ఇప్పుడు బహిరంగమే. కాని బహిరంగం కావడం వేరు, జనానికి అందడం వేరు. పదుల పేజీల కాగితాన్ని నాలుగు తేటమాటల్లో చెప్పి రచ్చబండకు చేర్చేవాడు లేకపోతే అది గుట్టుతో సమానం. ఆ నాలుగు మాటలూ పత్రిక చెప్పాలి.

పత్రిక చెబుతున్నదా? ఇక్కడే అసలు చిక్కు. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రకటనలను వార్తలుగా అచ్చువేసిన వ్యవహారాన్ని మన రాష్ట్రంలో బయటపెట్టినవారిలో పత్రికా రచయితలే ఉన్నారు. వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా పరిశీలన జరిపింది. ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన కె. శ్రీనివాసరెడ్డి ఉన్నారు. వారు పేర్లతో సహా రాసిన నివేదికను కౌన్సిల్ 2010లో యథాతథంగా ప్రకటించక, కుదించి వెలువరించింది. ఉత్తరప్రదేశ్ శాసనసభ్యురాలొకరు ఇలాంటి ‘వార్తల’ ఖర్చు లెక్కలో చూపనందుకు 2011లో ఎన్నికల సంఘం వేటుకు గురయ్యారు. అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది. శాసనసభకు మనవంటి రాష్ట్రాల్లో అది 2022 నుంచి 40 లక్షలు. కొనుక్కున్న వార్త ఆ పరిమితినీ, పాఠకుడినీ ఒకే దెబ్బతో మోసం చేస్తుంది.

ఇలాంటి వార్తను పట్టుకోవడానికి చట్టం తెలియనక్కరలేదు, తెలుగు తెలిస్తే చాలు. అందులో విశేషణాలే తప్ప వివరాలుండవు. జనం ‘బ్రహ్మరథం పడతారు’ గాని ఏ జనమో, ఎందరో ఉండదు. ‘విజయం ఖాయం’ అంటారు గాని అన్నదెవరో ఉండదు. ప్రశ్న అనేది మచ్చుకైనా కనిపించదు. కర్త లేని వాక్యం కనిపించినచోట డబ్బు కర్తగా ఉందేమోనని అనుమానించాలి. విజయనగరంలో పుట్టిన ‘కన్యాశుల్కం’ గిరీశం ఉపన్యాసాలకు మోసపోని పాఠకుణ్ణి తయారుచేసింది. మాట వెనుక ప్రయోజనాన్ని చదవడం నేర్పినందువల్లనే ఆ నాటకం నేటికీ మనకు పాఠ్యగ్రంథం. ఆ చదువు దినపత్రికకు కూడా వర్తించాలి.

పత్రికలను విమర్శించి పౌరసంఘాలకు దండవేయడం నా ఉద్దేశం కాదు. 2019లో రాష్ట్రప్రభుత్వం దాదాపు 50 ఇళ్లకొకరు చొప్పున నియమించిన వాలంటీర్లు 2024 ఎన్నికల వేళ పింఛన్లు పంచడంపై ‘సిటిజన్స్ ఫర్ డెమొక్రసీ’ అభ్యంతరం చెప్పింది. మార్చి 30న ఎన్నికల సంఘం వారిని ఆ పంపిణీకి దూరంగా ఉంచమన్నది. సూత్రం సబబే. పింఛను చేతిలో పెట్టేవాడూ ఓటు గురించి చెప్పేవాడూ ఒకడే కాకూడదు. కాని ఏప్రిల్ ఎండలో సచివాలయాల ముందు పడిగాపులు పడ్డది ముసలివాళ్లు. తప్పు ప్రభుత్వానిదని ఒకరు, ఫిర్యాదుదారులదని ఒకరు దుమ్మెత్తిపోసుకున్నారు. మరి అదే ఏడాది జూలై 1న సచివాలయ ఉద్యోగులు ఇంటింటికీ వెళ్లి పింఛన్లు ఇచ్చారే! దారి లేక కాదు, ఆ దారి వెంటనే పరచడానికి ఎవరూ పట్టుబట్టలేదు. రిటైరైన అధికారులతో, పట్టణ విద్యావంతులతో నిండిన సంఘాల్లో ఆ పింఛను అవ్వకు కూడా చోటుండాలి. లేకపోతే పారదర్శకత అనే మాట ఆమెకు తన నోటికాడి కూడు లాక్కునే మాటగా వినబడుతుంది. అలా వినబడితే తప్పు ఆమెది కాదు.

ఇక కెమెరాల సంగతి. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయిగేటు పోలింగు కేంద్రంలో ఓటింగు యంత్రాన్ని పగలగొట్టిన దృశ్యం కెమెరాలో నమోదైంది. జనం దాన్ని చూసింది మాత్రం వారం గడిచాకే. అప్పటికే పల్నాడులో దాడులూ ప్రతిదాడులూ జరిగిపోయాయి. చూసే యంత్రం ఉన్నంతమాత్రాన చాలదు, చూసినది సకాలంలో జనానికి చేరాలి. అయితే అదే ఏడాది డిసెంబరులో 93వ నిబంధనను సవరించి అలాంటి దృశ్యాలను సామాన్యుడు అడిగి చూసే వీలు లేకుండా చేశారు. ఓటర్ల, ముఖ్యంగా స్త్రీల, గోప్యత అన్నది కారణంగా చెబుతున్నారు. గోప్యత విలువైనదే. కాని గోప్యంగా ఉండవలసింది ఓటు, ఓటు జరిగిన తీరు కాదు.

ఎన్నికల సంఘాన్ని తిట్టడమూ, పొగడడమూ సులభం. కష్టమైనది ఊళ్లో జాబితాను బిగ్గరగా చదివించడం, పొరుగూరు పోయినవాడి పేరు ఉందో లేదో వాడి తల్లికి చెప్పడం, 17-సి నకళ్లను పోగుచేసి లెక్కలతో సరిపోల్చడం, అమ్ముడుపోయిన వార్తను అమ్ముడుపోయిందని పేరుపెట్టి పిలవడం. ఇవి వీరకృత్యాలు కావు. గుమస్తా పనులవంటివి. ఇందులో రచయిత వంతు, ఉపాధ్యాయుడి వంతు చివరిదాన్ని జనానికి నేర్పడం. చదవగలిగినవాణ్ణి బెదిరించవచ్చునేమో గాని బులిపించడం అంత సులభం కాదు.