జలసంధికి అవతల స్వేచ్ఛ

అమెరికా పాలనలోని వర్జిన్ దీవుల్లో సెయింట్ జాన్ ఒక చిన్న దీవి. అక్కడ సముద్రపు ఒడ్డున, కొండ మీదున్న అనాబెర్గ్ చక్కెర తోట శిథిలాలను చూడటానికి ఒక ఉదయం వెళ్లాం. కింద నీలి సముద్రం, ఎడతెగని గాలి. ఆ గాలి కోసమే అక్కడ గాలిమర కట్టారు. దాని రాతి బురుజు ఇప్పటికీ నిలిచి ఉంది. గోడను తడిమి చూశాం. రాళ్ల మధ్య ఇటుకలు, సముద్రంలోంచి తెచ్చిన పగడపు దిమ్మెలు కనిపించాయి. వాటిని మోసిందీ, పేర్చిందీ బానిసలే.

నరికిన చెరకును ఆలస్యం చేస్తే పులిసిపోతుంది. అందుకే కోత కాలంలో గానుగ రాత్రింబవళ్లు ఆడేది. రసాన్ని వరుసగా ఉన్న పెద్ద రాగి పాత్రల్లో, ఒకదానిలోంచి మరోదానిలోకి తోడుతూ మరిగించేవారు. గానుగలో చెయ్యి ఇరుక్కుంటే నరికెయ్యడానికి పక్కనే గొడ్డలి ఉంచేవారని కరేబియన్ తోటల చరిత్ర చెబుతోంది. అది విన్నాక మాలో ఎవరికీ ఫొటోలు తీసుకోవాలనిపించలేదు.

ఈ బురుజు కట్టడానికి చాలాముందే ఈ దీవులకు సువార్త వచ్చింది. 1732లో లియొనార్డ్ డోబర్ అనే కుమ్మరి, డేవిడ్ నిట్ష్‌మన్ అనే వడ్రంగి మొరేవియన్ మిషనరీలుగా పక్క దీవి సెయింట్ థామస్‌లో దిగారు. బానిసలకు చేరువయ్యేందుకు వారు తామే బానిసలుగా అమ్ముడుపోయారని మన ప్రసంగాల్లో వింటుంటాం. సిద్ధపడిన మాట నిజమేగాని, అమ్ముడుపోలేదు. ప్రసంగాల్లో వినపడని సంగతి మరొకటుంది. 1738లో అదే మిషన్ సెయింట్ థామస్‌లో ఒక తోటను బానిసలతో సహా కొన్నది! క్రీస్తులో సహోదరులన్నవారికే యజమానులయ్యారు. బానిసత్వం నుంచి విడుదలైన రెబెక్కా అనే యువతి కొండదారుల్లో నడిచి, తోట తోటకూ వెళ్లి వాక్యం చెప్పి, చివరకు జైలుపాలైంది కూడా ఆ సంఘంలోనే. ఈ రెండింటిలో ఒకటి దాచి రెండోది చెప్పడం న్యాయం కాదు.

కొండ అంచున నిలబడితే ఎదురుగా టోర్టోలా దీవి కనిపిస్తుంది. మధ్యలో సన్నటి జలసంధి, అంతే. టోర్టోలా బ్రిటిష్ వారిది గనుక అక్కడ 1834 ఆగస్టు 1న బానిసత్వం రద్దయింది. సెయింట్ జాన్ అప్పట్లో డెన్మార్క్‌ది. ఇక్కడివారు 1848 జులై 3 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ 14 ఏళ్లూ చెరకు నరుకుతూ, తలెత్తితే చాలు, స్వేచ్ఛ కంటికి కనిపించేది. ఎర్రసముద్రంలా ఇక్కడి నీళ్లు పాయలు కాలేదు. కొందరు దొరికిన పడవల్లో తెడ్లు వేసుకుంటూ బయల్దేరారు. అందరూ ఒడ్డు చేరలేదు.