బొచ్చు సారు

మా ఊళ్లో నన్ను ఇప్పటికీ ‘బొచ్చు సారు’ అనే పిలుస్తారు. కురుమ ఇంట్లో పుట్టాను. ఓదెల మల్లన్న జాతరలో ఒగ్గుకథ వింటూ గొంగట్లోనే నిద్రపోయినవాణ్ని. పశువైద్యం చదివి, గొర్రెల అభివృద్ధి అధికారిగా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో తిరిగి రిటైరయ్యాను. “ఉన్ని ఆఫీసరంటే ఏం చేస్తడు తాతా?” అని మనవరాలు అడిగింది. ఏ ఊరికి ఏ పొట్టేలు, ఏ మందకు ఏ టీకా, ఏ ఉన్నికి ఏ గ్రేడు, దానికి డబ్బెక్కడిది... సగం ప్రయోగశాల, సగం ఫైళ్లు అన్నాను.

రాజేంద్రనగర్ కాలేజీలో నాకు అబ్బింది రోగాలు, మందులే. ఉన్ని సంగతి రాజస్థాన్‌లోని అవికానగర్‌లో తెలిసింది. కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థను 1962లో అక్కడ పెట్టారు. పోచను సూక్ష్మదర్శిని కింద పెట్టి మందం కొలిచేవాళ్లం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మెరినో పోచ మామూలుగా 24 మైక్రాన్ల లోపే. మన దక్కని నల్లగొర్రెది 30 దాటుతుంది, చాలా పోచలు నడుమ బోలుగా ఉంటాయి. ‘నాణ్యత: ముతక’ అని ఫారం నింపేవాణ్ని. వాన ఆపుతుందా అనే గడి ఆ ఫారంలో లేదు.

ఈ ఉద్యోగంలో ప్రపంచానికంతా తెలిసిన పేరు ఇయాన్ క్లూనీస్ రాస్‌ది. ఆస్ట్రేలియా పశువైద్యుడు. గొర్రెల కార్జపు జలగ మీద పరిశోధించి, 1937లో అంతర్జాతీయ ఉన్ని సచివాలయానికి అధ్యక్షుడయ్యాడు. ఆ తర్వాత ఆ దేశపు పరిశోధన సంస్థనే నడిపాడు. గొర్రెల మేత మేసేస్తున్న కుందేళ్ల మీదికి మిక్సోమా వైరస్‌ను వదిలితే, మనుషులకూ అంటుతుందేమోనని జనం భయపడ్డారు. 1951లో మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిసి దాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. తర్వాత 50 డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ వేశారు. నా స్థాయికి మా నాయన మందే చాలు. టీకా ముందు దానికి వేస్తేగాని పక్క మందవాళ్లు దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు.

ఇక సన్న ఉన్ని పొట్టేళ్ల కథ. నల్లగొర్రెతో కలిపితే ఉన్ని మెత్తబడుతుందని మేం కొన్నింటిని పంచాం. ఎండాకాలం మందలు మేతకు గోదావరి దాటి ఆదిలాబాద్ అడవులకు పోతాయి. రాయపట్నం వంతెన మీద ఒక పొట్టేలు నాలుక బయటపెట్టి కూలబడింది. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. కాపరి నావైపు చూసి, “సారూ, నీ పొట్టేలు నడువదు. ఎత్తుకపోవాల్నా?” అన్నాడు. ఇద్దరం కలిసి ఎత్తుకుపోయాం.

దాని పిల్లల బొచ్చు పట్టుకొని గొంగడి నేసే ఇంటికి వెళ్తే, ముసలవ్వ చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది. “మెత్తగున్నది బిడ్డా, వానకు ముద్దయితది” అని పక్కన పడేసింది. వాళ్ల పని నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. నలుపు, తెలుపు వేరుచేసి ఏకుతారు. ఆడవాళ్లు వడుకుతారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి గుంటమగ్గం మీద నేస్తారు. కప్పుకుంటే గొంగడి, తలమీద మడిచి వేసుకుంటే గొడుగు, పరిస్తే పడక. అవన్నీ అవ్వ వేళ్లకు తెలుసు. నేను అన్నేళ్లు మందమే కొలిచాను.

ఇప్పుడు ఆ లెక్కా అక్కర్లేదు. ధర మాంసానికే. బొచ్చు లేని నెల్లూరు పొట్టేళ్లు మందల్లోకి ఎప్పుడో వచ్చేశాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు ఇంకా పెరిగాయి. అక్కడక్కడా నల్లగొర్రె మిగిలితే, కత్తెర కూలి ఎదురిచ్చి, దిగిన బొచ్చును గట్టున పారేస్తున్నారు. మొన్న పిడికెడు ఏరుకొచ్చాను. మనవరాలు వాసన చూసి ముక్కు మూసుకుంది. తర్వాత ఒక పోచ లాగి, తెంపబోయింది. తెగలేదు.