కడుపు గోడలో దాగిన గడ్డ: నల్లని మలమే తొలి ఆనవాలు

నెలల తరబడి నీరసం, నాలుగడుగులు వేస్తే ఆయాసం, పాలిపోయిన ముఖం. ఇవన్నీ వయసు వల్లనో పొలం పని వల్లనో వచ్చినవని చాలా ఇళ్లలో సరిపెట్టుకొని టానిక్కు తాగిస్తారు. మలం తారువలె నల్లగా, జిగటగా, దుర్వాసనతో పోతున్నదా అని మాత్రం ఎవరూ అడగరు. అడగడానికి సిగ్గు. వైద్యునికి మొదట కావలసిన ఆధారం అదే.

జీర్ణాశయంలో కారిన రక్తం జీర్ణరసాలతో కలిసి పేగుల గుండా దిగివచ్చేసరికి నలుపెక్కుతుంది. అందుచేత ఎర్రని రక్తం కంటికి కనిపించదు. ఇనుము మాత్రలు వాడేవారి మలమూ నల్లబడుతుంది గాని, తారులా అంటుకోదు.

ఇటువంటి రక్తస్రావానికి ఎక్కువగా పుండ్లే కారణం. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి, ఒళ్లునొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చి మింగే డైక్లోఫినాక్ వంటి మాత్రలు ఆ పుండ్లను కలిగిస్తాయి. అరుదుగా మాత్రం రక్తం కారేది ఒక గడ్డ నుండి. అటువంటి గడ్డలలో ఒకదానిని వైద్యులు 'జిస్ట్' అంటారు. ఏటా పది లక్షల మందిలో సుమారు 10 నుండి 15 మందికి ఇది కనబడుతుంది. సగానికి పైగా జీర్ణాశయంలోనే పుడతాయి.

సాధారణ జీర్ణాశయ క్యాన్సర్ లోపలి పొరలో మొదలవుతుంది. జిస్ట్ అలా కాదు. పేగుల కదలికను నడిపించే కహాల్ కణాలు కండర గోడలో ఉంటాయి. ఈ గడ్డ ఆ జాతి కణాల నుండి, పొర వెనుక పెరుగుతుంది. చాలాకాలం నొప్పి ఉండకపోవచ్చు. గడ్డ పెద్దదై పైపొర సాగి పుండుపడినప్పుడు రక్తం కారుతుంది, కొన్నాళ్లు ఆగుతుంది, మళ్లీ కారుతుంది. ఆగినప్పుడు నయమైందనుకోవడమే ప్రమాదం.

మరొక చిక్కు కలదు. ఎండోస్కోపీలో తీసే చిన్న ముక్కలోకి పైపొర మాత్రమే రావచ్చు. 'ఏమీ లేదు' అన్న ఆ ఒక్క కాగితంతో ఆగిపోరాదు. రక్తహీనత తిరగబెడితే సి.టి. స్కాన్, ఎండోస్కోపీ గొట్టంతోనే చేసే అల్ట్రాసౌండ్ అవసరమా అని అడగాలి.

వ్యాపించని గడ్డను శస్త్రచికిత్సతో తీసివేస్తారు. చాలామందికి జీర్ణాశయమంతా తీయవలసిన పని ఉండదు. ఈ గడ్డలలో కిట్ అనే జన్యువు చెడుతుందని 1998లో జపాన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఆ జన్యువు పంపే సంకేతాన్ని అడ్డగించే ఇమాటినిబ్ మాత్రకు 2002లో అమెరికాలో ఈ వ్యాధికి అనుమతి లభించింది. మన దేశంలో దాని పేటెంటు దరఖాస్తును 2013లో సుప్రీంకోర్టు తోసిపుచ్చడంతో, ఇక్కడి కంపెనీలు చవకగా తయారుచేసే మాత్రలకు అడ్డంకి తొలగింది.

రక్తం గాని, కాఫీపొడి వంటి పదార్థం గాని వాంతి అయినా, నల్లని మలంతో కళ్లు తిరిగి పడిపోయినా ఆ పూటే ఆసుపత్రికి చేర్చాలి. సరిహద్దు దాటి వెళ్లినచోట కన్నడంలో 'కప్పు మల', తమిళంలో 'కరుప్పు మలం' అంటే వైద్యునికి అర్థమవుతుంది. పాత రక్తపరీక్షల, ఎండోస్కోపీ కాగితాలు, వాడిన నొప్పి మాత్రల అట్టలు వెంట తీసుకొనిపోవాలి.